ఆరోరోజు వణుకు

తాగుడు మాన్పించే వార్డులో నర్సుగా చేరి నాకు ఇరవై రెండేళ్లయింది. ఇక్కడికి వచ్చే మగవాళ్లలో తాగుబోతు ఒక్కడూ ఉండడు. ఒకడిని పెళ్ళాం లేనిపోని అనుమానంతో తెచ్చి పడేస్తుంది, ఒకడికి లివరు పుట్టుకతోనే బాగుండదు, ఇంకొకడు ఎవరి పెళ్లిలోనో తిన్న మాంసం పడక ఇలా అయిపోతాడు. ఈ కథలు విని విని నా చెవులు దిబ్బళ్లు పడ్డాయి. అందుకే తుర్గునలి వచ్చిన రోజు బాగా గుర్తుంది. జూలై నెల, సోమవారం పొద్దున. నేను తాళం తీయడానికి వచ్చేసరికి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్లంతా గుర్రాల వాసన. నన్ను చూసి టోపీ తీసి లేచి నిలబడ్డాడు.

"అక్కా, నేను తాగుబోతుని. ఎక్కడ పడుకోమంటావు?" అన్నాడు.

నాకంటే ఆరేళ్లు పెద్దవాడని కాగితాలు రాస్తున్నప్పుడు తెలిసింది. ఆ మాట చెప్పినా అక్కా అనడం మానలేదు. చేతిలో సూది ఉన్న ఆడది ఏ వయసుదైనా తనకు అక్కేనన్నాడు. నేనూ పంతానికి పోయి అన్నా అనే పిలిచాను. ఇద్దరం ఒకరికొకరు పెద్దరికం అంటగట్టుకుంటూ నాలుగు వారాలు గడిపాం.

తుర్గునలిది సూసమిర్ లోయ. వేసవి నాలుగు నెలలూ పైన పచ్చికబయలు మీద ఉన్ని గుడారం వేసుకుని ఉంటారు అతనూ, భార్య బురుల్, ముప్ఫై ఎనిమిది ఆడగుర్రాలూ. పాలు పితికి, పొగబెట్టిన తోలుసంచిలో పోసి, రోజంతా కవ్వంతో కొట్టి కిమిజ్ పులియబెట్టడం మా దగ్గర చాలామంది చేసే పనే. బురుల్ చేతి కిమిజ్ కోసం మాత్రం కనుమ దాటి రాజధాని నుంచి కార్లు వస్తాయి. వచ్చినవాళ్లు ఉత్తచేతులతో రారు. గౌరవంగా ఒక వోడ్కా సీసా తెచ్చి గుడారంలో పెడతారు. అతిథి పెట్టిన సీసాకు మూత తీయకపోతే మర్యాద తక్కువ. తీసిన మూత మళ్లీ పెట్టే అలవాటు మా మగవాళ్లకు లేదు. ఇలా ఇరవై వేసవులు మర్యాదలు చేసీ చేసీ చివరికి తుర్గునలి పొద్దున ఒక గ్లాసు పడనిదే పాలు పితకలేని స్థితికి వచ్చాడు. చేతులు వణికితే గుర్రం నిలవదు, తన్నేస్తుంది.

ఎందుకు వచ్చావని అడిగితే ఏడవకుండా చెప్పడానికి చాలా కష్టపడ్డాడు. గుర్రం పిల్లల్ని పగలంతా నేలమీద పొడుగ్గా లాగిన తాడుకు వరసగా కట్టేస్తారు, పిల్లల కోసం తల్లులు మందను వదిలి వచ్చి పాలిస్తాయి. జూన్ ఆఖర్లో బురుల్ చెల్లెలింటికి వెళ్లిన రోజు పెద్ద వడగళ్ల వాన పడింది. వాన వస్తోందంటే పరిగెత్తి పిల్లల్ని విప్పేయాలి. తుర్గునలి గుడారంలో తాగి పడున్నాడు. మూడు నెలలు కూడా నిండని ఒక పిల్ల కట్టేసిన చోటే దెబ్బలు తిని చచ్చిపోయింది. మిగతావి బతికాయి.

"బురుల్ వచ్చి చూసింది. నన్నొక్క మాటనలేదక్కా. అంటే బాగుండేది," అన్నాడు. "శరత్కాలం దాకా చూస్తానంది. నేనింకా తాగుతుంటే మందను వాళ్లన్నకి అప్పజెప్పేస్తానంది. గుర్రాలు లేకపోతే నేనేం చేస్తాను? టౌనుకొచ్చి ఎవరి గేటు దగ్గరో కాపలా కూర్చోవాలి."

అతన్ని ఆరు మంచాల గదిలో వేశాం. కిటికీ పక్క మంచం పావెల్ తాతది. బస్సుల మరమ్మతు చేసి రిటైరైన రష్యన్ ముసలాయన, మా వార్డుకు అది నాలుగోసారి, మంచం కూడా అదే. తనకు ఆ వార్డులో వాటా ఉన్నట్టే మాట్లాడేవాడు. డాక్టర్ జిపారకు అప్పటికి ఇరవై తొమ్మిదేళ్లు. రాజధానిలో చదువుకుని వచ్చింది, ఒక్క క్షణం కుదురుగా కూర్చోదు. ఆమె తుర్గునలికి ముందే అన్నీ చెప్పింది. ఇన్నేళ్లూ మత్తుకు అలవాటుపడిన ఒళ్లు ఉన్నట్టుండి ఆపితే తిరగబడుతుందనీ, వణుకూ చెమటా వాంతులూ వస్తాయనీ, కొందరికి ఫిట్స్ వస్తాయనీ, లేనివి కనబడతాయనీ, మొదటి మూడు నాలుగు రోజులు గండమనీ, అందుకే ఇంట్లో కాకుండా తన కళ్లముందు మానాలనీ. ఇదంతా దాటినా అది గుమ్మం దాటడమేననీ, అసలు వైద్యం ఆ తర్వాతే మొదలవుతుందనీ కూడా చెప్పింది. తుర్గునలి అన్నిటికీ తలూపి, ఎన్ని సూదులో మాత్రం అడిగాడు.

గ్లూకోజు ఎక్కించాం, బి విటమిన్ ఇంజెక్షన్లు చేశాం, వణుకు అణిచే మాత్రలు వేశాం. మొదటిరోజు చెమటలు పోశాయి. రెండో రోజు మధ్యాహ్నం బురుల్ వచ్చింది. పొట్టిగా గట్టిగా ఉండే మనిషి, నవ్వు తక్కువ. చేతిలో పది లీటర్ల క్యాను. నిండా కిమిజ్.

ఇక్కడ నేనొక విషయం దాచకుండా చెప్పాలి. మా వరండాలో ఒక బోర్డు ఉంది. వోడ్కా, బీరు, సారా, సెంటుసీసాలు, స్పిరిటు కలిసిన దగ్గుమందు, వార్డులోకి ఏవేవి తేకూడదో అన్నీ దానిమీద నా చేతిరాతతోనే ఉన్నాయి. ఆ బోర్డు కిందనుంచే బురుల్ క్యాను మోసుకొచ్చింది. నేనే ఎదురెళ్లి ఒక చెయ్యి వేశాను. ఎందుకంటే అది కిమిజ్. పసిపిల్లలకు దగ్గొస్తే పోస్తాం, బాలింతకు పోస్తాం, క్షయ వచ్చినవాళ్లను ఆ గుడారాలకే పంపిస్తాం. ఒంట్లో బాగాలేని మొగుడికి పెళ్ళాం కిమిజ్ తెచ్చిందంటే ఎంత మంచి ఇల్లాలో అనుకుంటాం. ఆరోజు నేనూ అలాగే అనుకుని పెద్ద గిన్నె ఒకటి తాగాను కూడా. చల్లగా, పుల్లగా, కాస్త పొగవాసనతో, నాలుక చివర చురుక్కుమంటూ అంత మంచి కిమిజ్ నేను ఎక్కడా తాగలేదు. రౌండ్లకు వచ్చిన డాక్టరు కూడా నిలబడే ఒక గిన్నె తాగి పై పెదవి తుడుచుకుంది.

బురుల్ వెనక్కి వెళ్లిపోయింది, గుర్రాలు ఆగవు కదా, రెండు గంటలకోసారి పితకాలి. ఆ మర్నాటి నుంచి రోజూ మధ్యాహ్నం మినీబస్సు డ్రైవరు నిండు క్యాను దించి, ఖాళీది తీసుకెళ్లేవాడు. పంచుకోకుండా తినడం తుర్గునలికి చేతకాదు. గది మొత్తానికీ అతనే పోసేవాడు. తనకు మూడు లీటర్లు, మిగిలినవాళ్లకు తలా కాస్త, పావెల్ తాతకు అడిగినంత. సాయంత్రమయ్యేసరికి ఆ గది పెళ్లివారి విడిదిలా ఉండేది. తుర్గునలి కూర్చున్నచోటే గుర్రాన్ని పిలిచే ఈల వేసేవాడు. పావెల్ తాత నాలుగుసార్లలో ఇంత హాయిగా ఎన్నడూ మానలేదన్నాడు.

నాలుగోరోజుకు డాక్టర్ జిపార ఆనందానికి అవధుల్లేవు. గండం రోజులు దాటిపోయాయి, ఒక్కరికీ చేతులు వణకడం లేదు, బీపీలు కుదురుగా ఉన్నాయి, ఆకలి బాగుంది. తను కొత్తగా మొదలుపెట్టిన పద్ధతి పనిచేసిందనుకుంది. రాజధానిలో తన ప్రొఫెసరుకు ఫోను చేసి మరీ చెప్పింది. అందరికీ మాత్రలు సగానికి సగం తగ్గించమంది. నేను చార్టులో రోజూ "పరిస్థితి బాగుంది" అని రాశాను. అబద్ధం కూడా కాదు, నిజంగానే బాగుంది.

శుక్రవారం సాయంత్రం నుంచి కుంభవృష్టి. లోయకూ మా ఊరికీ మధ్యనున్న తో-అషూ కనుమ దగ్గర కొండచరియ విరిగి దారి మూసుకుపోయింది. శనివారం మినీబస్సు రాలేదు, క్యానూ రాలేదు. అది తుర్గునలికి ఆరోరోజు.

మధ్యాహ్నం గ్లాసుతో నీళ్లిస్తే సగం దుప్పటి మీద పోసుకున్నాడు. చలేమో అన్నాడు. బయట ఎండ మండుతోంది. గంట తిరిగేసరికి చొక్కా తడిసి ముద్దయింది, నాడి నూట ఇరవై దాటింది. పావెల్ తాత మంచం పట్టీ పట్టుకుని, తన మంచం ఎవరు ఊపుతున్నారని కేకలేశాడు. మిగతావాళ్లు గోడవైపు తిరిగి పడుకుని పళ్లు కొరుకుతున్నారు. నేను పరిగెత్తి డాక్టరును పిలుచుకొచ్చాను.

ఆదివారం పొద్దునకు తుర్గునలి ఈ లోకంలో లేడు. సెలైను స్టాండును గుర్రం అనుకున్నాడు. దాని కాలు నిమురుతూ, "నిలబడు తల్లీ, అయిపోయింది, ఇంకొక్క ధార," అని బుజ్జగించాడు. పావెల్ తాతను తాడు తొక్కుతున్నావు కాలు తియ్యమన్నాడు. వణుకుతూనే ముసలాయన నిజంగా కాలు తీశాడు. కాసేపు మాకు నవ్వాగలేదు. తర్వాత తుర్గునలి మంచం కిందకు దూరి ముడులు విప్పడం మొదలుపెట్టాడు. లేని ముడులు, ఒకటి తర్వాత ఒకటి. వాన వస్తోంది, వాన వస్తోంది అంటూ. వేళ్లు నేలకు గీసుకుపోయి రక్తం కారింది. నేనూ వార్డు ఆయమ్మా కలిసి అతన్ని పట్టుకుని పైకి లేపాం. నాకు ఏడుపొచ్చింది. ఇన్నేళ్లలో మంచాల మీద మనుషుల్ని ఎంతమందినో అలా చూశాను, కానీ ఆ ముడుల సంగతి తెలిసిన దాన్ని నేనొక్కదాన్నే.

డాక్టర్ జిపార తగ్గించిన మాత్రలు తీసేసి సూదిమందు మొదలుపెట్టింది, మళ్లీ సెలైను, మళ్లీ విటమిన్లు, పదిహేను నిమిషాలకోసారి నాడి. ఆమె చేసిన పని నేను మెచ్చుకోవాలి, రెండు రోజులు ఇంటికి పోలేదు. కానీ కోపం మాత్రం నషాళానికి అంటింది. వణుకు ఆరోరోజు మొదలయ్యే విడ్డూరం ఏ పుస్తకంలోనూ లేదనీ, శుక్రవారం దాకా ఎవరో వీళ్లకు వోడ్కా పోస్తున్నారనీ తేల్చేసింది. గదంతా సోదా చేయించింది. పరుపులు తిరగేశాం, దిళ్లు నొక్కి చూశాం, నీళ్ల ట్యాంకులో చెయ్యి పెట్టాం, పావెల్ తాత అకార్డియన్ పెట్టె విప్పాం. కిటికీ గట్టు మీద ఖాళీ కిమిజ్ క్యాను అడ్డంగా ఉంటే డాక్టరే దాన్ని ఎత్తి పక్కన పెట్టి, దాని వెనకాల సీసా ఉందేమోనని వెతికింది. నేను మళ్లీ దాన్ని జాగ్రత్తగా గట్టు మీద పెట్టాను.

ఏమీ దొరకలేదు. అప్పుడు ఊది చూసే మిషను తెచ్చింది. రోగులకు సున్నా. ఆయమ్మకు సున్నా. నాకు సున్నా. ఇరవై రెండేళ్ల సర్వీసులో నాచేత గొట్టంలో ఊదించిన డాక్టరు ఆమె ఒక్కతే. ఆ రోజంతా ఆమెతో పనికి మించి ఒక్క మాట మాట్లాడలేదు.

ఇంకనుంచి డ్యూటీకి వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ ప్రతి ఒక్కరూ ఊదాల్సిందేనని డాక్టరు ఆర్డరు వేసింది. సోమవారానికి తుర్గునలి నాడి కిందికి దిగింది. పేరడిగితే తన పేరే చెప్పాడు. మధ్యాహ్నం పూట నేను డ్యూటీ దిగబోతుంటే మెట్ల మీద బురుల్ కనిపించింది. మోకాళ్ల దాకా బురద. మట్టి తవ్వే బండివాడిని బతిమాలి అతని పక్కన కూర్చుని కొంతదూరం, నడిచి కొంతదూరం వచ్చిందట. ఒక చేతిలో చెప్పులు, ఇంకో చేతిలో క్యాను.

"మూడు రోజులైంది, మనిషి నీరసపడిపోయి ఉంటాడు," అంది. మొగుడు ఎలా ఉన్నాడో చెప్పాను. ఆమె మెట్టు మీద కూలబడింది. అతను గండం గడిచి బయటపడ్డాడనీ, నిద్రపోతున్నాడనీ చెప్పాక ఊపిరి తీసుకుంది. నేను అతన్ని వదలకుండా చూసుకున్నందుకు ఏమివ్వాలో తెలియక, అక్కడికక్కడే మూతలో కిమిజ్ పోసి ఇచ్చింది. రెండు రోజులుగా సరిగ్గా తిండి లేదు నాకు. గటగటా తాగేశాను. ఇంకో మూత పోసింది. అదీ తాగాను.

అప్పుడే డాక్టరు మిషను పట్టుకుని బయటికొచ్చింది. "సాయిరా అక్కా, పోయే ముందు ఊదు," అంది. తలెగరేసి ఊదాను. మిషను కూసింది.

ఎర్ర అంకెలు చూసి డాక్టరు ముఖం పాలిపోయింది. నేను వోడ్కా ముట్టి పదేళ్లు దాటింది. మళ్లీ ఊదమంది. మళ్లీ కూసింది. బురుల్ ఒకసారి నావైపు, ఒకసారి మిషను వైపు చూసి, నాకు ఒంట్లో బాగాలేదేమో ఇంకో మూత తాగమని పోసింది. డాక్టరు ఆ చేతిని గాల్లోనే పట్టుకుంది. కిమిజ్ వైపు చూసింది. చాలాసేపు చూసింది.

"రోజూ ఎంత తెచ్చేదానివి వదినా?" అని మెల్లగా అడిగింది.

"పది లీటర్లే. ఇంకొంచెం పంపేదాన్ని, బస్సువాడు ఒప్పుకోలేదు."

డాక్టరు వచ్చి నా పక్కన మెట్టు మీద కూర్చుంది. వోడ్కాకు ఇరవయ్యో వంతు బలమనుకున్నా మూడు లీటర్లంటే నూట యాభై గ్రాముల వోడ్కా అని వేళ్లమీద గుణించింది. తను ఐదు రోజులపాటు వాళ్లకు మత్తు వదిలించలేదనీ, కొద్దికొద్దిగా పోసి కూర్చోబెట్టిందనీ, అది తన ప్రొఫెసరుకు గొప్పగా చెప్పిందనీ తనకు తానే చెప్పుకుంది. తర్వాత, "నేనూ తాగాను కదక్కా, నిలబడి," అంది. అంతే, ఇద్దరికీ నవ్వు ముంచుకొచ్చింది. కళ్లల్లో నీళ్లు తిరిగేదాకా నవ్వాం. బురుల్ మాత్రం నవ్వలేదు.

"అంటే నేనే ఆయనకి ముప్ఫై ఏళ్లుగా తాగబోస్తున్నానా?" అంది.

ఆ మాటకు మా నవ్వు ఆగిపోయింది. అది అలా కాదనీ, ఇరవై ఏళ్ల వోడ్కా ముందు కిమిజ్ లెక్కలోకి రాదనీ, కానీ మానాలనుకున్న మనిషికి మాత్రం అదీ వద్దనీ, లోపల నిద్రపోతున్నదాన్ని లేపడానికి ఆ కాస్త చాలుననీ డాక్టరు విడమరిచి చెప్పింది. బురుల్ అంతా విని క్యాను ఎత్తుకెళ్లి మొత్తం కాలవలో పారబోసింది. మా దేశంలో కిమిజ్ పారబోయగా నేను చూడటం అదే మొదలు, చేతులు అడ్డం పెట్టబోయి ఆగాను. ఆ సాయంత్రమే బోర్డు మీద చివరి వరసలో కిమిజ్ అని రాశాను. రాస్తుంటే తప్పు చేస్తున్నట్టే అనిపించింది. మర్నాడే పావెల్ తాత దాని మీద రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాడు.

తుర్గునలి ఈసారి నిజంగా మానడం మొదలుపెట్టాడు. నిద్రపట్టేది కాదు, ఊరికే కోపం వచ్చేది, పంచదార గుప్పిళ్లకొద్దీ తినేవాడు. వారానికి మూడుసార్లు వరండాలో కుర్చీలు గుండ్రంగా వేసి డాక్టరు అందరిచేతా మాట్లాడించేది. మొదట్లో తుర్గునలి గుర్రాల గురించే మాట్లాడేవాడు. మూడోవారంలో చచ్చిపోయిన గుర్రం పిల్ల సంగతి అందరిముందూ చెప్పాడు. ఇరవై ఎనిమిదో రోజున పంపించేటప్పుడు, కిమిజ్ చేసే ఇంట్లో కిమిజ్ తాగకుండా ఎలా ఉంటావని నేనే అడిగాను. నాకదే బెంగ. అక్కడ గాలి కూడా ఆ వాసనే కదా. అతను చెవి చూపించాడు. పులుపు సరిపోయిందో లేదో సంచికి చెవి ఆనిస్తే బుడగల చప్పుడుకే తెలిసిపోతుందట. రుచి చూసే పని బురుల్‌ది.

శరత్కాలం వచ్చింది. మంద అతని చేతిలోనే ఉంది. నెలకోసారి మందుల కోసం వచ్చి, డాక్టరు అడక్కుండానే గొట్టంలో ఊది, నాకు వెన్న ఇచ్చి పోయేవాడు. చలికాలంలో ఒకసారి జారాడు. ఎవరి తద్దినంలోనో రెండు గ్లాసులు. మర్నాడే మంచులో గుర్రమెక్కి వార్డుకు వచ్చి, తిట్టమని నిలబడ్డాడు. తిట్టాను. ఆపుకోకుండా అరగంట తిట్టాను. హాయిగా విని వెళ్లిపోయాడు. ఆ చలికాలంలో అతనికి పనికొచ్చిన మందు అదేనని డాక్టరు అంటుంది.

మే నెలాఖరున పిలుపు వచ్చింది. తొలి కిమిజ్ విందు. ఏడాదిలో మొదటిసారి తోలుసంచి నిండిన రోజున లోయలో వాళ్లందర్నీ పిలిచి పోస్తారు, పెద్దవాళ్లు మందను దీవిస్తారు. నేనూ, డాక్టరూ, తన చెర్రీ జాము సీసా ఒడిలో పెట్టుకున్న పావెల్ తాతా వెళ్లాం. కారు నా భర్త మెదెర్ తోలాడు. మా ఆసుపత్రిలోనే ఎలక్ట్రీషియను, నోట్లోంచి మాట రావడమే గగనం.

గుడారంలో ముప్ఫైమంది గుండ్రంగా కూర్చున్నాం. తుర్గునలి సన్నబడ్డాడు, ముఖానికి రంగు వచ్చింది. గరిటెతో ముంచి గిన్నెల్లో పోస్తుంటే ఒక్క చుక్క కింద పడలేదు. మొదటి గిన్నె అందరికంటే పెద్దవాడైన కసిమలి తాతకిచ్చాడు. ఎనభై మూడేళ్లు, ఆ లోయలో ఎవరిని ఏ మాట అనాలన్నా ఆయనకు భయం లేదు. తాత గిన్నె పట్టుకుని తాగకుండా ఆగాడు. ఇంటి యజమాని గిన్నె ఎత్తితేనే దీవెన అన్నాడు. బురుల్ ఏదో చెప్పబోయింది. తుర్గునలి ఆమెను ఆపాడు.

"నేను తాగను తాతా," అన్నాడు.

"కిమిజ్‌రా ఇది. ఎవడన్నా నిన్ను వోడ్కా తాగమన్నాడా? కిమిజ్ తాగనివాడి కిమిజ్ నేనెందుకు తాగాలి?"

దీవెన లేకుండా అందరూ లేచిపోతే ఆ వేసవంతా ఆ ఇంటి గడప ఎవరూ తొక్కరు. నా పక్కన డాక్టరు తల వంచుకుంది, ఆ బోర్డు మీద నేను రాసిన మాట నాకూ గుర్తొచ్చింది. ఒక్క గుక్క తాగేసెయ్, ఎవరు చూడొచ్చారు అని నా నోటిదాకా వచ్చింది. నిజం చెబుతున్నాను, నా నోటిదాకానే వచ్చింది.

"మీరందరూ తాగి ఆపుతారు. నాకు ఆపడం రాదు తాతా," అన్నాడు తుర్గునలి. గొంతు పెంచలేదు. "ఇప్పుడీ గిన్నె తాగితే సాయంత్రానికి సీసా వెతుక్కుంటా. పోయినేడు నేను తాగి పడుకున్నా, కట్టేసిన పిల్ల కట్టేసినట్టే చచ్చిపోయింది. వడగళ్లకి పోయిందని మీకందరికీ చెప్పా. వడగళ్లు కాదు, నేను. ఈ ఏడు పంతొమ్మిది పిల్లలున్నాయి బయట. వాటికి మీ దీవెన కావాలి. గిన్నె మాత్రం పట్టను."

తాత అతనివైపు చూస్తూనే ఉన్నాడు. అప్పుడు గుడారం అవతలి వైపు నుంచి, గొర్రెలు కాసుకునే ఒక గడ్డపాయన గిన్నె కింద పెట్టి, బురుల్‌తో, "వదినా, నాక్కూడా టీ ఉంటే పొయ్యి," అన్నాడు. ఎవరివైపూ చూడలేదు. అతని తర్వాత ఇంకొకతను. తలుపు దగ్గర కూర్చున్న స్కూలు మాస్టారు మాట లేకుండా గిన్నె బోర్లించాడు. పావెల్ తాత జాము సీసా మూత తీసి, టీలోకి ఇది బాగుంటుందని గట్టిగా ప్రకటించాడు.

"ఇంకెవరికిరా?" అని విసుక్కున్నాడు కసిమలి తాత.

"నాకు," అన్నాడు మెదెర్.

నా మొగుడు. రోజూ రాత్రి భోజనానికి ముందు చిన్న గ్లాసు. ఆకలికని. ఈ మధ్య రెండు. పని ఎక్కువగా ఉన్నరోజు మూడు. ఆ గ్లాసు చాలాసార్లు నేనే కడిగి బల్ల మీద పెట్టాను. ఇరవై రెండేళ్లు ఊళ్లో వాళ్లందరి చేతులూ చూసిన దాన్ని, ఆ గ్లాసును ఒక్క రోజు కూడా తాగుడు కింద రాసుకోలేదు. లేచి వెళ్లి నేనే టీ పోసి తెచ్చాను.

కసిమలి తాత తన గిన్నె ఖాళీ చేసి, పులుపు ఎక్కువైందనీ, రుచి చూసేది బురులేనని దీన్నిబట్టే తెలిసిపోతోందనీ అన్నాడు. తర్వాత రెండు చేతులూ చాపాడు. టీ గిన్నెలూ కిమిజ్ గిన్నెలూ కింద పెట్టి మేమందరం చాపాం. పంతొమ్మిది పిల్లలూ పంతొమ్మిది గుర్రాలు కావాలన్నాడు. తుర్గునలి ముఖం మీదికి చేతులు తీసుకుని చాలాసేపు దించలేదు. బయట పిల్లలు తల్లుల కోసం సకిలించేసరికి పాలవేళయిందని లేచి పరిగెత్తాడు.

నేను మెదెర్ చెవి దగ్గరికి వంగి, ఎప్పటినుంచి మానాలనుకుంటున్నావని అడిగాను.

"ఇంటికెళ్లాక చెప్తాలే. ముందు టీ తాగనియ్యి," అన్నాడు.